తెర మీద ఆగిన చుక్క

వెనక గదిలో కాఫీ కూజా కింద స్విచ్చు ఆపిందో లేదో, ఆపే ఉంటుంది, ఆపకపోతే ఈపాటికి మాడు వాసన ముక్కుకు తగిలేది, అయినా ఇప్పుడు కాఫీ గొడవ ఎందుకు, చుక్క కదా సంగతి, చుక్క కదలడం లేదు, ఇందాక ఎర చేపల పీపాకు మూత పెట్టి వచ్చి చూసినప్పుడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది, పడవలు ఆగుతాయి, ఆగకుండా బోనులు పైకి ఎలా లాగుతారు, అది ఎర్లీన్‌కు తెలియనిదా, ఈ రేవులో పుట్టి, ఈ రేవులోనే పెళ్ళాడి, జుట్టు నెరిసేదాకా ఈ సహకార సంఘం ఆఫీసులో, బోనుల్లో పడ్డ లాబ్‌స్టర్ రొయ్యలు తూచిన మనిషి, కానీ ఆగిన పడవ కూడా అలల మీద ఇటు మూర అటు మూర ఊగుతుంది, దానితోపాటు తెర మీద చుక్కా వణుకుతుంది, ఇది వణకడం లేదు, గోడకు కొట్టిన మేకులా ఉంది, ఆ మేకు పక్కన చిన్న అక్షరాల్లో తన పేరే, ఎర్లీన్ అని, ఈ తీరంలో పడవకు పెళ్ళాం పేరో తల్లి పేరో పెట్టుకోవడం మగవాళ్ళ అలవాటు, కూతురు డార్సీ ఆడపిల్ల అయ్యుండి తనూ అదే చేసింది, పడవ కొన్న రోజున రంగు డబ్బా పట్టుకొచ్చి, అమ్మా, నీ పేరే పెడుతున్నా, ఇకమీదట దీన్ని తిట్టాలంటే నిన్ను నువ్వే తిట్టుకోవాలి, అని పకపకా నవ్వింది, ఎర్లీన్ నవ్వలేదు, తన పేరున్న చెక్క ముక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకు రావడం ఆ నిమిషంలోనే ఆమె కళ్ళకు కట్టింది.

కిటికీ అవతల పొగమంచు, మంచు అంటే మామూలు మంచా, జూన్ నెల మంచు, తడి దుప్పటిలా రేవు మీద పడి కూర్చుంది, ఆఫీసు ముందున్న తూకపు బల్ల కనబడటం లేదు, బల్ల మీది కొంగ అరుపు మాత్రం వినబడుతోంది, ఇలాంటి రోజున వెళ్ళకే అని పొద్దున తను అంది, వెళ్ళకే అని అనని రోజు ఏదైనా ఉందా అని అడిగింది డార్సీ, బూట్లు వేసుకుంటూ, నోట్లో రొట్టె ముక్క పెట్టుకుని, దీవి వెనక బోనులున్నాయమ్మా, ఎర కుళ్ళిపోతే వాటిలోకి నువ్వు దూరతావా, చూడు, రేడియోలో మాత్రం పిలవకు, నీ గొంతు అఖాతమంతా వింటుంది, మొన్న డ్వైట్ గాడు పడవ పక్కకు తెచ్చి, ఏమే, స్వెట్టర్ వేసుకున్నావా, మీ అమ్మ అడుగుతోంది, అన్నాడు, నా పరువు పోతోంది, తెర ఉంది కదా, నిమిష నిమిషానికి నేను ఎక్కడున్నానో అదే చెబుతుంది, దాన్ని చూసుకో, అందుకే చూసుకుంటోంది, పిలవడం లేదు, మాట తప్పడం లేదు, చుక్కే మాట తప్పింది, డ్వైట్ చుక్క ఏదీ, అదుగో, డ్వైట్ చుక్కా కదలడం లేదు, అక్కచెల్లెళ్ళ పడవ, ముసలి వాండా పడవ, ఏదీ కదలడం లేదు, అయితే ఆగింది పడవ కాదు, పెట్టె, బల్ల కింద గుర్రుమనే ఈ పాత లినక్స్ కంప్యూటర్ పెట్టె, అమ్మయ్య అనుకోబోయింది, అంతలోనే చూసింది, డార్సీ చుక్క ఆగిన చోటు సరిగ్గా ఓడల దారి మధ్యన.

తలుపు తోసుకుని రేవు పెద్ద ఆల్డెన్ వచ్చాడు, మీసం నిండా తడి, ఏం ఎర్లీన్, దెయ్యాన్ని చూసినట్టు అలా కూర్చున్నావేం అన్నాడు, చుక్కలు ఆగిపోయాయి అంది, ఆయన కళ్ళు చిట్లించి, ఆగితే ఆగాయిలే, కాసేపటికి అవే, అంటూ ఉండగానే గోడ మీద రేడియో గొల్లుమంది, నూనె నింపిన బార్జి నావను లాక్కొచ్చే టగ్ పడవ సారంగు, రేవు ఆఫీసూ, దారిలోకి వస్తున్నాను, దారిలో ఎవరున్నారో చూసి చెప్పండి, అని, ఆ గొంతు ఎప్పుడు విన్నా ఎర్లీన్ తెర చూసి చెప్పేది, దారి ఖాళీ, రండి, లేదా ఫలానా పడవ ఫలానా పక్కన ఉంది, ఇవాళ ఏం చెబుతుంది, ఆల్డెన్ మైకు అందుకుని, తెర చచ్చింది నాయనా, మా మాట నమ్మకు, నెమ్మది చెయ్యి అన్నాడు, నెమ్మదే, కానీ పోటు తోస్తోంది, ఇంత బరువును ఆపడం నా తరం కాదు, ఎంత నెమ్మదైనా వస్తూనే ఉంటాను, అన్నాడు సారంగు, ఆ వెంటనే దూరంగా బూరా మోగింది, పొడుగ్గా, మంచులోంచి, ఎటు నుంచో తెలియకుండా, ఆల్డెన్ పడవల పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు, డ్వైట్ పలికాడు, నేను ఒడ్డు పక్కనే ఉన్నా, వాండా మనవడు పలికాడు, అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఒకేసారి పలికారు, ఎర్లీన్, ఎర్లీన్, పలుకు, అని ఆల్డెన్ మైకులోకి అరుస్తుంటే ఇక్కడ కుర్చీలో కూర్చున్న ఎర్లీన్ పలకబోయింది, పలకాల్సింది తను కాదు, ఆ పేరు పెట్టుకున్న పడవ, అది పలకలేదు, దీవి వెనక రేడియో అందదు, ఉపగ్రహం మీదుగా వచ్చే చుక్క కబురు ఒక్కటే అందుతుంది, అందరికీ తెలిసిందే, ఎప్పుడూ అందదు, దీవి వెనక ఉంటే అందదు, దారి మధ్యలో ఉంటే మాత్రం అందాలి కదా, అందినా పలకలేదంటే, వద్దు, అటు వెళ్ళకు, అటు వెళ్ళకు బుద్ధీ, ఫోన్ తియ్యి.

రోలండ్ బాంగోర్ పట్నంలో ఉంటాడు, ఈ పెట్టెలోకి ప్రోగ్రాం రాసి పెట్టింది అతనే, డార్సీతో కలిసి బడికి వెళ్ళినవాడు, స్పీకరు పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచింది, అతను ఎత్తగానే పిల్లల కేకలు, బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు, ఆంటీ, ఒక్క క్షణం, మా పాప ఆట, పరుగెత్తు తల్లీ పరుగెత్తు, ఆఁ, చెప్పండి, చుక్కలు ఆగాయా, అన్నీనా, సరే, భయపడకండి, భయపడకండి అంటే మరీ భయం వేస్తుంది ఆమెకు, మీ పేరుతో లోపలికి వెళ్ళండి, టాప్ అని కొట్టండి, పైన రెండో వరస ఉంటుంది చూడండి, చివర జాంబీ అని రాసి పక్కన ఒక అంకె, ఎంత ఉంది, ఆమె చదివింది, మళ్ళీ చదవండి అన్నాడు, మళ్ళీ చదివింది, ఏమిట్రా, అంత ఎక్కువా, ఎక్కువే ఆంటీ, ఒక్కటీ ఉండకూడదు, అన్నాడు, జాంబీ అంటే ఆమెకు తెలిసింది టీవీలో చూసినదే, చచ్చి లేచి నడిచేవి, చేతులు చాచుకుని వచ్చేవి, అలాంటివి ఇన్ని ఈ పెట్టెలోనా, తను అన్నం తింటూ కాళ్ళు ఆనించుకునే పెట్టెలో, ఇప్పుడు పీఎస్ అని కొట్టి వాటి పేర్లు చూడండి అన్నాడు, కొట్టింది, పేర్లు జారుకుంటూ వచ్చాయి, వాండా, పక్కన చనిపోయినది అనే గుర్తు, అక్కచెల్లెళ్ళు, చనిపోయినది, ఎర్లీన్, చనిపోయినది, ఎర్లీన్, చనిపోయినది, ఎర్లీన్, ఎర్లీన్, ఎర్లీన్, తెర నిండా తన పేరు, ప్రతి పేరు పక్కనా అదే మాట, కుర్చీ చేతులు పట్టుకుంది, ఇవన్నీ ఏమిట్రా, నా బిడ్డ పడవ పేరు పక్కన ఆ మాట ఏమిటి.

అతను ఏదో చెబుతున్నాడు, ఆమె వినలేదు, వేళ్ళు వాటంతటవే పోయాయి, దేన్నైనా ఆపాలంటే కిల్ అని కొట్టి దాని అంకె వేయాలని ఒకప్పుడు అతనే నేర్పాడు, ప్రింటరు బిగుసుకుపోయినప్పుడు, అదే కొట్టింది, మొదటి ఎర్లీన్ అంకె, పోలేదు, మళ్ళీ కొట్టింది, గట్టిగా చంపమని తొమ్మిది వేసి కొట్టింది, పోలేదు, రెండో ఎర్లీన్, పోలేదు, పక్కన ఆల్డెన్, చావవేం ఇవి, అని టోపీ తీసి బల్ల మీద కొట్టాడు, ఆంటీ, ఆంటీ, మీరేం చేస్తున్నారు, చచ్చినవాటిని చంపుతున్నారా, చావగా మిగిలింది ఏముంది చంపడానికి, రోలండ్ గొంతులో నవ్వు, ఆ నవ్వు వినగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది, నవ్వకు, నా కూతురు బార్జి దారిలో ఉంది, నవ్వకు, అంది, అవతల నవ్వు ఠక్కున ఆగింది, డార్సీనా, అన్నాడు, బంతాట కేకలు దూరమయ్యాయి, జనంలోంచి లేచి పక్కకు వెళ్తున్నట్టున్నాడు.

పెట్టె తీగ పీకి మళ్ళీ పెడితే సరి, అన్నాడు ఆల్డెన్, ఇదివరకు ప్రతి ఆదివారం నేను చేసిన పనే కదా, ప్రతి ఆదివారమా, అంది ఎర్లీన్, ఎందుకూ, నేల ఊడ్చే యంత్రం పెట్టుకోవడానికి గోడకు ఆ ఒక్క ప్లగ్గే ఉంది మరి, దీన్ని పీకి దాన్ని పెట్టి, ఊడ్చాక దీన్ని మళ్ళీ పెట్టేవాణ్ణి, ఈ ఈస్టరుకు మా ఆవిడ తీగ లేని యంత్రం కొంది, అప్పట్నుంచీ పీకలేదు, ఆయన గర్వంగానే చెప్పాడు, ఫోన్లో రోలండ్ అయ్యో అని తల కొట్టుకున్న చప్పుడు, అదీ సంగతి, ఇన్నేళ్ళూ నా తప్పును మీ చీపురు కాపాడిందన్నమాట, వారం వారం అన్నీ ఊడ్చుకుపోయేవి, ఇప్పుడు పేరుకుపోయాయి, మంచు రోజున పడవలు మాటిమాటికీ కబురు పంపుతాయి కదా, ఇవాళ్టితో నిండిపోయింది, కొత్త కబురు లోపలికి రావడానికి జాగా లేదు, తీగ పీకకండి బాబాయ్, దయచేసి పీకకండి, ఇన్నాళ్ళ తర్వాత పీకితే ఆ ముసలి పెట్టె లేచి ఒళ్ళు విరుచుకుని తన సామాను తను సరిచూసుకునేసరికి బార్జి రేవు దాటిపోతుంది, బూరా మళ్ళీ మోగింది, ఈసారి దగ్గరగా, కిటికీ అద్దం సన్నగా అదిరింది.

వినండి ఆంటీ, మెల్లగా చెబుతా, ఒక్కో పడవ కబురు పంపినప్పుడల్లా పెద్ద ప్రోగ్రాం ఒక పిల్ల ప్రోగ్రాంను పుట్టిస్తుంది, తెలుస్తోందా, ఆ పిల్ల ఆ పడవ పేరే పెట్టుకుని, కబురు మోసుకెళ్ళి తెర మీద చుక్క పెడుతుంది, అంతే దాని పని, పని ముగించి పోతూ పోతూ తల్లికి ఒక మాట చెబుతుంది, అయింది, బాగానే చేశాను, అని, తల్లి ఆ మాట తీసుకుంటే అది వెళ్ళిపోతుంది, తీసుకోకపోతే వెళ్ళలేదు, పని లేదు, ప్రాణం లేదు, తిండి లేదు, కానీ గుమ్మంలో పేరు మాత్రం నిలబడి ఉంటుంది, దాన్నే జాంబీ అంటాం, అది మీద పడి కరిచేది కాదు ఆంటీ, పని సవ్యంగా ముగించినది, ఆ పేర్లన్నీ డార్సీ, ఇక్కడున్నాను, ఇక్కడున్నాను, అని చెప్పిన సార్లు, ఎర్లీన్ తెర వైపు చూసింది, అదే పేరు, అదే మాట, ఇందాక సమాధి రాళ్ళ మీద రాసినట్టు కనబడ్డవి ఇప్పుడు వేరేలా కనబడ్డాయి, పిల్ల ఇన్నిసార్లు చెప్పిందా, మరి తల్లి ఎందుకు తీసుకోదు, నోరు లేదా, చెవి లేదా, తీసుకోమని చెప్పే వరస నేను రాయడం మరిచిపోయాను, అన్నాడు, దానికి తరవాత ఎవరు పిలుస్తారా అని చెవి పెట్టుకుని కూర్చోవడం ఒక్కటే తెలుసు, చెప్పిన మాట వైపు తిరిగి చూడదు.

ముందు తల్లిని ఒకసారి తట్టి చూద్దాం, అన్నాడు, తట్టే అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాడు, ఆమె ఒక్కొక్కటే కొట్టింది, తల్లి కదల్లేదు, జాంబీల అంకె కదల్లేదు, అనుకున్నాను, దానికి ఆ తట్టు అర్థం కాదు, ఇక తల్లినే చంపాలి, అన్నాడు, అంత తేలిగ్గా అన్నాడు, ఎర్లీన్ చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి, తల్లిని చంపితే ఆ పేర్లన్నీ ఏమవుతాయి, చెప్పిన మాట చెప్పినట్టే గాలిలో పోతుందా, ఇప్పుడున్న ఆ ఒక్క చుక్కా పోతే, తప్పు చోటైనా సరే చుక్క అంటూ ఉంది, అదీ పోతే అక్కడ ఉత్త నీలం రంగు, నీళ్ళ రంగు, దాన్ని ఎలా చూస్తుంది, పోవు ఆంటీ, రోలండ్ గొంతు మెత్తబడింది, చిన్నప్పుడు తమ వంటింట్లో డార్సీతో కలిసి బిస్కెట్లు తిన్న పిల్లవాడి గొంతు, పెట్టెలో అన్నిటికన్నా ముందు లేచేది ఒకటుంటుంది, ఒకటో అంకెది, ఇంటికి పెద్దముత్తవ్వ అనుకోండి, తల్లి పోతే పిల్లలన్నీ ఆవిడ దగ్గరికి పోతాయి, ఆవిడ ఒక్కొక్కదాని మాటా వింటుంది, సరే పో తల్లీ అంటుంది, గుమ్మం ఖాళీ అవుతుంది, తల్లి కూడా మళ్ళీ లేస్తుంది, అలా లేచేట్టు నేనే పెట్టాను, అది మాత్రం మరిచిపోలేదు, ఆల్డెన్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, కొట్టమ్మా, ఈ బార్జివాడు మన కోసం ఆగడు, ఆ చేతి నుంచి హెర్రింగ్ చేపల వాసన, డార్సీ చేతుల వాసన, ఎర్లీన్ తల్లి అంకె కొట్టింది, సరిచూసుకుంది, మళ్ళీ సరిచూసుకుంది, కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

చుక్కలన్నీ పోయాయి, అన్నీ ఒక్కసారే, ఎవరో బల్ల మీది గింజలు చేత్తో తుడిచేసినట్టు, నీలం, ఉత్త నీలం, అనుకున్నదే అయింది, నేనే తుడిచేశాను, నా చేత్తోనే, జాంబీల అంకె ఎంత ఉంది ఆంటీ, సున్నా, సున్నా ఉందిరా, ఇక్కడంతా సున్నాయే, ఉండండి, కబురు రానివ్వండి, నిమిషం పట్టవచ్చు, నిమిషం అంటే ఎంత పొడుగో వీళ్ళకేం తెలుసు, ఒడ్డు పక్కన ఒక చుక్క మొలిచింది, డ్వైట్, బతికిపోయాడు వెధవ, తరవాత వాండా, తరవాత అక్కచెల్లెళ్ళు, అవన్నీ వణుకుతున్నాయి, వణకడం ఇంత అందంగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు, తన పేరు ఏదీ, తన పేరు లేదు, దారి మధ్యలో లేదు, లేకపోవడం మంచిదా చెడ్డదా, బూరా మోగింది, గోడ మీది పటం అదిరింది, ఒకప్పుడు మంచులో వెళ్ళి తిరిగి రాని అన్న గుర్తొచ్చాడు, అన్న చేతి తొడుగు ఒక్కటే వచ్చింది, వంటింటి గడియ మీద ఆరేసింది అమ్మ, ఆరాక కూడా తియ్యలేదు, ఎన్నాళ్ళో తియ్యలేదు, ఎందుకు ఇప్పుడు ఆ తొడుగు, వద్దు, రావే, ఒక్కసారి చెప్పవే, ఇక్కడున్నానని ఒక్కసారి, ఆల్డెన్ వేలు ఆమె ముక్కు ముందు నుంచి తెర మీదికి వెళ్ళింది, అదేమిటో చూడు, దీవి వెనక, రాళ్ళ చాటున, ఒడ్డుకు ఒదిగి, చుక్క, పక్కన ఎర్లీన్ అని, ఇటు మూర, అటు మూర, లంగరు వేసిన పడవ ఊగినట్టు ఊగుతోంది.

ఆల్డెన్ మైకులో అరుస్తున్నాడు, దారి ఖాళీ నాయనా, దారి ఖాళీ, రా, సారంగు సరే అన్నాడు, రోలండ్ ఫోన్లో, ఆ మరిచిపోయిన వరస ఈ రాత్రే రాస్తాను ఆంటీ, ఒట్టు, అన్నాడు, ఎర్లీన్ చుక్కను చూస్తూ కూర్చుంది, మంచులో ఏదో పెద్ద నల్లని బరువు కిటికీ అవతల దూరంగా జరిగిపోయింది, ఇంజను చప్పుడు కాళ్ళలోకి వచ్చి పోయింది, కాసేపటికి చుక్క దీవి కొసకు వచ్చింది, కొస దాటింది, దాటగానే రేడియోలో చిటపట, రేవు ఆఫీసూ, ఎర్లీన్ పడవ, బూరా విని రాళ్ళ వెనక లంగరు వేసి కూర్చున్నా, బార్జి పోయింది, ఇప్పుడు ఇంటికి వస్తున్నా, బాగానే ఉన్నానమ్మా, అని డార్సీ, ఎప్పటిలాగే తొందరగా, ఎప్పటిలాగే కాస్త విసుగ్గా, ఆల్డెన్ మైకు ఎర్లీన్ చేతిలో పెట్టి తప్పుకున్నాడు.

మైకు నొక్కింది, ప్రశ్నలన్నీ గొంతులోకి తోసుకొచ్చాయి, తడిశావా, ఇంధనం ఉందా, ఏమన్నా తిన్నావా, లంగరు తాడు సరిగ్గా ఉందా, ఎవరైనా తోడు రావాలా, డ్వైట్‌ను పంపనా, నిజంగానే బాగున్నావా, ఇవే ప్రశ్నలు నిన్నా, మొన్నా, పిల్ల బడికి వెళ్ళే రోజుల్లోనూ, అది వచ్చి గుమ్మంలో నిలబడి, వచ్చేశానమ్మా, అనేది, తను ఆ మాట వినకుండానే దారిలో కుక్క వెంటపడిందా అని అడిగేది, బాగున్నానమ్మా అంటే మరి గొంతు అలా ఉందేం అనేది, అందుకేనేమో పిల్ల చెప్పడం మానేసి చుక్కను చూసుకోమంది, ఎన్నిసార్లు చెప్పింది, బాగున్నాను, వచ్చాను, అయింది, ఎన్నిసార్లు, ఒక్కసారైనా తను తీసుకుందా, ఎప్పుడూ తరవాతి పిలుపు కోసం చెవి రిక్కించి కూర్చుంది, తరవాతి భయం కోసం, పిల్ల మాత్రం చెప్పాల్సింది చెప్పేసి గుమ్మంలో నిలబడే ఉంది, ఇన్నేళ్ళుగా, లోపలికి రాలేక, బయటికి పోలేక, రేడియో చిటపటమంది, అమ్మా, ఉన్నావా, అఖాతమంతా వింటోంది, డ్వైట్ కూడా వింటూనే ఉంటాడు, విననీ, ఎర్లీన్ ఆ ప్రశ్నలన్నిటినీ ఒక్కొక్కటే మింగింది, కష్టంగానే దిగాయి, విన్నానమ్మా, అంది, అవతల రేడియో చిటపటలాడుతూనే ఉంది, ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టుంది పిల్ల, ఇంకేమీ రాలేదు, ఎర్లీన్ మైకు మీద నుంచి వేలు తీసి, దాన్ని కొక్కేనికి తగిలించి, కాఫీ కూజా కింద స్విచ్చు ఆపిందో లేదో చూడటానికి లేచింది.